పచ్చబొట్టు మీద పచ్చబొట్టు

జహీరాబాదుకు కొద్ది దూరములో ఉన్న ఒక గ్రామములో, శనివారము సాయంత్రము స్త్రీల కూడికకు మేము వెళ్లినప్పుడు ఆ రోజు వాక్యభాగము లేవీయకాండము 19వ అధ్యాయము. వరుసగా చదువుకుంటూ వస్తున్నాము గనుక ఆ అధ్యాయము వచ్చినది, అంతే. ఎవరినీ ఉద్దేశించి ఎంచుకున్నది కాదు. చదువుతున్న అమ్మాయి 28వ వచనమునకు వచ్చి, ఒంటి మీద పచ్చబొట్లు కూడదన్న మాట చదువగానే ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ తన చేతిని మెల్లగా కొంగు కిందికి లాగుకున్నది. గోడవారగా కూర్చున్న ఒక పడుచుపిల్ల చేతి గడియారపు పట్టీని కొంచెము పైకి జరుపుకున్నది. ఇద్దరినీ మేము చూశాము. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

కూడిక ముగిసి టీలు తాగేటప్పుడు అవ్వ మా దగ్గరకు వచ్చి, "అమ్మగారూ, గిది ఎట్లన్న పోతదా?" అని చెయ్యి చాపినది. ముంజేతి మీద ఒక తులసి కోట, దాని కింద సగము తేలు. మిగతా సగము తేలు ఉండవలసిన చోట చర్మము ముడుతలు పడి, తెల్లగా, గట్టిగా ఉన్నది. ముప్పై ఏండ్ల క్రితము ఆమె బాప్తిస్మము పుచ్చుకున్న కొత్తలో, ఊరికి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆ గుర్తులు ఉండగా ప్రభువు బల్లలో చేయి చాపరాదని చెప్పినాడట. ఆమె ఎవరికీ చెప్పకుండా నల్లజీడి రసము పూసుకున్నది. చెయ్యి బొబ్బలెక్కి, చీము పట్టి, నెల రోజులు కూలికి పోలేకపోయినది. తేలు సగమే పోయినది. అప్పటి నుండి బల్ల దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఎడమ చేతితో కొంగు పట్టుకొని కుడి చేతిని కప్పుకుంటూనే ఉన్నది.

పచ్చబొట్టు మన ఊళ్లకు కొత్త కాదు. నేడు డెబ్బై ఏండ్లు దాటిన పల్లె స్త్రీలలో ఒంటి మీద ఒక్క చుక్కయినా లేనివారు అరుదు. మాదిగ, మాల వాడలలో, లంబాడీ తండాలలో, కాపుల ఇండ్లలో కూడా పిల్ల పెండ్లీడుకు రాకముందే నుదుట చుక్క, గదుమ మీద చుక్క, చేతుల మీద పూలచెట్టో తేలో వేయించేవారు. వేసేది ఎక్కువగా ఎరుకల స్త్రీలు. ఎడ్గర్ థర్‌స్టన్ అను దొర, కె. రంగాచారి గారి సహాయముతో 1909లో ఏడు సంపుటములుగా అచ్చు వేసిన దక్షిణ భారత కులముల గ్రంథములో ఈ పనిని వివరముగా వ్రాశాడు. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి, గుడ్డకు పూసి వత్తి చేసి, ఆముదపు దీపములో వెలిగించి, ఆ పొగ మసిని కొత్త కుండ లోపలి వైపుకు పట్టించి, దానిని చనుబాలతోనో నీళ్లతోనో కలిపేవారట. సూదులు కట్టగా కట్టి పొడిచేవారు. పిల్లకు నొప్పి తెలియకుండా పాటలు పాడేవారు. కూలి తరచుగా ధాన్యమే.

"చచ్చినంక ఎంబడి వచ్చేది ఇదొక్కటే" అని పెద్దలు చెప్పేవారని అవ్వ కూడా అన్నది. నగలు ఊడ్చుకుంటారు, చీర విప్పుకుంటారు, పచ్చబొట్టును మాత్రము ఎవరూ తీసుకోలేరు. బీదవారికి ఆ మాట ఎంత తియ్యగా వినబడి ఉంటుందో మేము ఊహించగలము. బంగారము లేని చేతికి అదే నగ. (పచ్చబొట్టు ఇంకొక పనికి కూడా వస్తుంది. గుర్తు తెలియని శవము దొరికితే పోలీసువారి ప్రకటనలో మొదట వ్రాసే సంగతులలో అదొకటి. తప్పిపోయిన మతిలేని ముసలివారిని కూడా చేతి మీది పేరు చూచి ఇంటికి చేర్చినవారున్నారు.)

నల్లని మసి పెడితే అది పచ్చగా ఎందుకు కనబడుతుందని అడుగుతారు. మసి చర్మము లోపల ఉంటుంది. వెలుతురు పై పొరలోగుండా పోయి తిరిగి వచ్చేటప్పుడు నీలిరంగు ఎక్కువగా చెదరి మన కంటికి చేరుతుంది. అందుకే నలుపు నీలముగా, పచ్చగా అగుపడుతుంది. ఇక చెరిగిపోకపోవుటకు కారణము మరొకటి. మన చర్మపు పై పొర కొన్ని వారములకొకసారి రాలిపోయి కొత్తది వస్తుంది. సూది మసిని దానికంటె లోతుకు, రెండవ పొరలోనికి దింపుతుంది. ఒంటికి కావలి కాసే కణములు ఆ మసిని పరాయిదని మింగుతాయి గాని అరిగించుకోలేవు. కడుపులో పెట్టుకొని అక్కడే కూర్చుంటాయి. అవి చనిపోతే మసి బయట పడుతుంది, పక్కనున్న కొత్త కణములు మళ్లీ మింగుతాయి. ఫ్రాన్సు దేశపు పరిశోధకులు 2018లో ఎలుకల మీద ఈ సంగతి చూపించారు. అంటే గుర్తు మారలేదు గాని, దానిని మోసేవారు మారుతూ ఉంటారన్నమాట.

పడుచుపిల్ల సంగతి వేరు. ఆమె మరునాడు ఆరాధన తరువాత, తల్లిని వెంటబెట్టుకొని వచ్చినది. గడియారము విప్పితే మణికట్టు లోపలి వైపున ఇంగ్లీషులో ఆరు అక్షరముల పేరు. ఇంటరు చదివేటప్పుడు, ఒక జాతరలో, బ్యాటరీ మిషనుతో పొడిచేవాని దగ్గర వేయించుకున్నది. ఆ పేరుగల అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో ఆమెకు తెలియదు, తెలుసుకోవలెనన్న కోరిక కూడా లేదు. ఇప్పుడు సదాశివపేట వైపు ఒక సంబంధము కుదిరినది. విశ్వాస కుటుంబము. నిశ్చితార్థము అయిపోయినది. పెండ్లి ఇరవై రెండు రోజులు ఉన్నది. తల్లి ఏడుస్తూ, "దీని మీద సిలువ గుర్తు వేయిస్తే కప్పుకుపోతది గదా అమ్మగారూ? దేవుని గుర్తే గదా, ఎవరేమంటరు?" అన్నది.

జాతరలలో ఈ మిషనుల వారిని మీరు చూచియుందురు. గొడుగు కింద చాప, ఎదుట బొమ్మల అట్ట, పక్కన రంగు సీసాలు. ఒకే సూది ఎందరికి దిగుతుందో దేవునికి తెలియాలి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి, హెచ్‌.ఐ.వి. ఈ సూదుల ద్వారా రాగలవు. అందుకే మన దేశములో పచ్చబొట్టు వేయించుకున్న తరువాత పన్నెండు నెలల వరకు రక్తదానము తీసుకోరు. మన యౌవనస్థులు క్రిస్మసుకో ఈస్టరుకో రక్తదాన శిబిరము పెట్టేటప్పుడు ఈ సంగతి దాచకుండా చెప్పవలెను. జాతరలో పొడిపించుకున్నవారు భయపడుతూ కూర్చొనక ఒకసారి రక్త పరీక్ష చేయించుకొనుట మంచిది. ఈ పిల్లకు కూడా మొదట అదే చెప్పాము. చేయించుకున్నది. ఏమీ లేదు.

తరువాత ఆమెను హైదరాబాదులో పాత పచ్చబొట్ల మీద కొత్తవి వేయుటలో చెయ్యి తిరిగిన ఒకతని దగ్గరకు తీసుకొనిపోయాము. ఇటువంటి చోటికి మేము వెళ్లుట అదే మొదటిసారి. గోడల నిండా పుర్రెలు, పాములు ఉంటాయనుకున్నాము. ఉన్నాయి కూడా. కాని అతడు చేతులు సబ్బుతో కడుక్కొని, కొత్త తొడుగులు వేసుకొని, అద్దముతో పిల్ల చెయ్యి చూచిన తీరు మన ఆస్పత్రులలో కూడా అన్ని వేళలా కనబడదు.

అతడు చెప్పిన మాటలు మా పాఠకులలో చాలామందికి ఉపయోగపడతాయి గనుక వ్రాస్తున్నాము. పాత గుర్తు మీద కొత్తది వేయుట గోడకు సున్నము వేయుట వంటిది కాదు. సున్నము పాత రంగు పైన కూర్చుంటుంది. చర్మములో అట్లా కాదు, రెండు రంగులు ఒకే పొరలో కలిసి కూర్చుంటాయి. కాబట్టి నలుపు మీద పసుపు గాని, తెలుపు గాని వేస్తే నలుపే కనబడుతుంది. పాతదానికంటె ముదురైన రంగే దానిని మింగగలదు. కొత్త బొమ్మ పాతదానికి రెండింతలో మూడింతలో పెద్దదిగా ఉండవలెను. ఏలయనగా అక్షరముల ఆకారమును దాచవలెనంటే వాటి చుట్టూ వేరే గీతలు పెట్టి కన్నును పక్కకు మళ్లించవలెను. ఆకులు, రెక్కలు, ఈకలు, చేప పొలుసులు ఇందుకు పనికి వస్తాయి. వాటికి ముదురు చోట్లు, లేత చోట్లు రెండూ ఉంటాయి. ముదురు చోటు అక్షరము మీద పడేటట్లు గీస్తారు.

సిలువ? అతడు కాగితము మీద గీసి చూపించాడు. సిలువ రెండు గీతలు. పేరేమో ఆరు అక్షరములు అడ్డముగా ఉన్నది. అడ్డకొయ్య లావు చేస్తే మణికట్టంతా నల్లని పలక అవుతుంది. సన్నము చేస్తే సిలువకు అటూ ఇటూ అక్షరములు తొంగి చూస్తాయి. "సిలువతో పేరు కప్పబడదమ్మా, పేరు మీద సిలువ పెట్టినట్టయితది" అన్నాడు. తల్లి నోరు మూసుకున్నది. మేము కూడా.

లేజరు మాటేమిటని అడిగాము. క్యూ-స్విచ్డ్ లేజరు అనునది మెరుపు వంటి వెలుగుతో మసి రేణువులను పగులగొడుతుంది. ముక్కలను ఒళ్లే కొద్దికొద్దిగా మోసుకొనిపోతుంది. నలుపు బాగుగా పోతుంది, పసుపు, లేత పచ్చ వంటి రంగులు మొండికేస్తాయి. ఒక్కసారితో కాదు, ఆరు నుండి పది పర్యాయములు, ఒక్కొక్క దాని మధ్య ఆరు ఎనిమిది వారములు. ఎడము లెక్క వేస్తే సంవత్సరము కూడా దాటవచ్చును. మనవంటి చామనచాయ, నల్లని చర్మముల మీద జాగ్రత్తగా చేయకపోతే తెల్లమచ్చలో, గట్టి గడ్డలో మిగులుతాయి. అందుచేత అది చర్మవ్యాధుల వైద్యుని దగ్గరే చేయించుకోవలెను. కొందరు రెండు మూడు పర్యాయములు లేజరుతో పాతదానిని పలుచన చేయించుకొని, ఆపై కొత్త బొమ్మ వేయించుకుంటారు. అప్పుడు ముదురు రంగులు అంతగా అక్కరలేదు. ఇదే మంచి మార్గమని అతడన్నాడు, తన బేరము తగ్గుతుందని తెలిసి కూడా.

ఆమ్లము, సున్నము, నల్లజీడి, ఉప్పు రుద్దుట, కాల్చుట, వీటి జోలికి పోవద్దు. ఇవి నేటి మూఢత్వములు కావు. ఆరవ శతాబ్దములో ఏటియస్ అను వైద్యుడు కూడా పచ్చబొట్లు తీయుటకు ఇటువంటి ఘాటు మందులు వ్రాశాడు. పదునైదు వందల ఏండ్లుగా మనుష్యులు తమ ఒంటి మీది గుర్తులతో పెనుగులాడుతూనే ఉన్నారన్నమాట.

ఇంతకూ అతడు ఆ రోజు పని చేయలేదు. చేయనన్నాడు. పెండ్లి ఇరవై రోజులు కూడ లేదు, చర్మము పొక్కు కట్టి రాలి మానుటకే రెండు మూడు వారములు పడుతుంది, ఆ లోపల నలుగు, పసుపు, గాజులు, నీళ్లు తగిలితే చీము పడుతుంది, పెండ్లి తరువాత రమ్మన్నాడు. తిరుగు బస్సులో తల్లి, "ఇప్పుడెట్ల?" అని పదిసార్లు అన్నది. పొడుగు చేతుల రవిక, చేతినిండా గాజులు, గోరింటాకు, అన్నిటినీ లెక్క పెట్టినది. పటాన్‌చెరు దాటిన తరువాత పిల్ల, "నేను చెప్తనమ్మా వాళ్లకు" అన్నది.

ఇక్కడ మా అభిప్రాయము దాచనవసరము లేదు. కప్పుట తప్పు కాదు. చెప్పకుండా కప్పుట వేరు. పెండ్లి అయిన రెండవ దినమున గాజులు తీయగానే కనబడే సంగతిని పెండ్లికి ముందు దాచి సాధించేదేమిటి? అయితే చెప్పుమని బలవంతపెట్టే హక్కు కూడా మాకు లేదు. ఆ చెయ్యి ఆమెది, ఆ కాపురము ఆమెది. పాస్టరమ్మగారిని తోడు తీసుకొని ఆమె తానే వెళ్లి చెప్పినది. అత్తగారు కాబోయే ఆమె విని ఏమీ మాట్లాడలేదట. నాలుగు రోజులు ఫోను రాలేదు. ఆ నాలుగు రోజులలో తల్లి తినలేదు, మేము కూడా సరిగా నిద్రపోలేదు. ఐదవ రోజు వరుడే ఫోను చేసి కార్డులు అచ్చుకు ఇచ్చామని చెప్పాడు. "మా చిన్నాయనకు ఛాతీ మీద సినిమా హీరో పేరున్నది, మా చిన్నమ్మ ఇరువై ఏండ్ల సంది చూస్తనే ఉన్నది" అన్నాడట.

ఈ విషయము నలుగురిలో తెలిసిన తరువాత మా దగ్గరకు మరికొందరు వచ్చారు. వారిలో ఒకడు కేంద్ర సాయుధ బలగాల ఉద్యోగానికి తయారవుతున్న కుర్రవాడు. ఎడమ ముంజేయి లోపలి వైపున తల్లి పేరు తెలుగులో చిన్నదిగా వేయించుకున్నాడు. పచ్చబొట్టు ఉంటే తీసుకోరని స్నేహితులు బెదిరించగా, దాని మీద పెద్ద పులి బొమ్మ వేయించి కప్పుకోవాలని డబ్బు కూడబెట్టుకున్నాడు. ఆ కొలువులకు వైద్య పరీక్ష నిబంధనలు తెప్పించి చదివితే సంగతి తలకిందులుగా ఉన్నది. మతపరమైన గుర్తులు, పేరు అనుమతిస్తారు. స్థలము సెల్యూటు చేయని ఎడమ ముంజేయి లోపలి వైపు, లేదా చేతి వెనుక వైపు. పరిమాణము ఆ భాగములో నాలుగవ వంతుకంటె తక్కువ. తల్లి పేరు అన్ని విధాలా సరిపోతుంది, పులి వేయిస్తే మాత్రము ఇంటికి పంపుతారు! డబ్బును పరుగు పందెపు బూట్లకు పెట్టుకొమ్మని చెప్పి పంపాము. ఇట్టివారు ప్రతిసారీ వెలువడే ప్రకటనను స్వయముగా చదువుకోవలెను, స్నేహితుల మాట కాదు.

ఇక వాక్యము సంగతి. లేవీయకాండములోని ఆజ్ఞ చుట్టూ ఉన్న వచనములు చూడండి. చచ్చినవారి కొరకు దుఃఖించే అన్యజనుల ఆచారములు, శకునములు, సోదె, ఇవన్నీ అక్కడ కలిసి ఉన్నవి. అదే అధ్యాయములో గడ్డపు ప్రక్కలు గొరుగుకొనుటను గూర్చియు, రెండు రకముల నూలు కలిపి నేసిన బట్టను గూర్చియు ఆజ్ఞలున్నవి. వాటిని మన సంఘములో ఎవరూ పట్టించుకొనరు. పచ్చబొట్టు వేయించుకొండి అని మేము చెప్పుట లేదు. మా పిల్లలు అడిగితే వద్దనే చెప్పుతాము. కాని తెలియని వయస్సులో తల్లిదండ్రులు పొడిపించిన గుర్తును బట్టి ఒక ముసలి విశ్వాసిని బల్ల దగ్గర సిగ్గుపరచుటకు ఆ వచనము ఇవ్వబడలేదు. ఐగుప్తులోని కోప్తు క్రైస్తవులు తమ కుడి మణికట్టు మీద చిన్న సిలువ పొడిపించుకొనుట తరతరముల ఆచారము. శ్రమలలో తమ విశ్వాసమును దాచుకొనకుండుటకే వారట్లు చేస్తారు. యెరూషలేములో రజ్జూక్ అను కుటుంబము యాత్రికులకు ఈ గుర్తులు వేయుట ఏడు వందల ఏండ్లుగా తమ వంశవృత్తి అని చెప్పుకుంటారు. నేటికీ పాత కొయ్య అచ్చులు వారి దగ్గర ఉన్నవి. మరొక వైపు రోమా ప్రభుత్వము నేరస్థుల ముఖముల మీద బలవంతముగా గుర్తులు పొడిపించేది. క్రీ.శ. 316లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ముఖము మీద అట్లు చేయరాదని శాసించాడు. మనుష్యుని ముఖము పరలోకపు అందమునకు పోలికగా ఉన్నదని అతడిచ్చిన కారణము. చేతులు, పిక్కల మీద మాత్రము మానలేదు.

గలతీయులకు వ్రాస్తూ పౌలు తన ఒంటి మీది గుర్తులను గూర్చి చెప్పినవి దెబ్బల మచ్చలు. యెషయా 49వ అధ్యాయము 16వ వచనము మీరు తీసి చదువుకొనుడి. అక్కడ ఎవరి అరచేతుల మీద ఎవరి గుర్తు ఉన్నదో చూడుడి. అవ్వకు ఆ వచనము పాస్టరయ్యగారే చదివి వినిపించారు. మరుసటి బల్లకు ముందు, ఎవరూ అడగకుండానే, ఆ చెయ్యి కప్పుకోవలసిన పని లేదని కూడా చెప్పారు. ఆమె ఔనని తల ఊపినది. అలవాటు కొద్దీ కొంగు మాత్రము పట్టుకొనే వచ్చినది.

పెండ్లి అయిన నాలుగు నెలలకు పిల్ల భర్తతో కలిసి హైదరాబాదు పోయి ఆ పని చేయించుకున్నది. మధ్యలో ఒక పర్యాయము లేజరు చేయించుకున్నందున అక్షరములు కొంత వెలిసి ఉన్నవి. సిలువ కాదు, ద్రాక్షవల్లి. మణికట్టు చుట్టూ సన్నని తీగ, మూడు ముదురు ఆకులు, ఒక చిన్న గుత్తి. ఆకులు సరిగ్గా అక్షరముల మీద పడినవి. మూడు గంటలు పట్టిందట. మొదటి వారము సబ్బుతో కడిగి పలుచగా పూతమందు రాస్తూ, ఎండ తగలకుండా, పొక్కు గోకకుండా ఉన్నది. ఒక ఆకు చివర రంగు సరిగా పట్టక నెలన్నర తరువాత మళ్లీ దిద్దించుకోవలసి వచ్చినది.

మొన్న పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె స్త్రీల కూడికలో అవ్వ పక్కనే కూర్చున్నది. అవ్వ ఆ చెయ్యి పట్టుకొని వెలుతురుకు తిప్పి తిప్పి చూచినది.

"పాతది పోయిందా బిడ్డా?"

"పోలేదవ్వా. కిందనే ఉన్నది. కనవడదంతే."

"ఎంతయింది?"

పిల్ల చెప్పినది. అవ్వ కొంగు వదిలి రెండు చేతులూ చెంపలకు కొట్టుకున్నది. సగము తేలు అందరికీ కనబడింది.

"ఓ యేసయ్యా! నేను సోలెడు జొన్నలకు రెండు చేతులు పొడిపించుకున్న!"